మ్యాప్‌లో నాలుగున్నర గంటలు, రోడ్డు మీద ఎన్ని గంటలు? అమెరికా రోడ్ ట్రిప్ టైమ్ లెక్క

 

డల్లాస్‌లో జాబ్ చేస్తున్న ఒక సబ్‌స్క్రైబర్ తన ట్రిప్ ప్లాన్ పంపించారు. జులైలో గుంటూరు నుంచి అమ్మానాన్న వస్తున్నారట, ఇద్దరికీ అరవై దాటాయి. వాళ్లకి లాస్ వేగాస్, గ్రాండ్ కాన్యన్, యాంటిలోప్ కాన్యన్, మాన్యుమెంట్ వ్యాలీ అన్నీ రెండు రోజుల్లో చూపించాలని ప్లాన్. డ్రైవింగ్ మొత్తం తనొక్కరే. చివర్లో ఒక ప్రశ్న అడిగారు: "అన్నా, మ్యాప్స్‌లో చూపిస్తున్న టైమ్‌ని నమ్మొచ్చా?"

నమ్మొచ్చు. కానీ ఆ నంబర్ ఏ ప్రశ్నకి సమాధానమో ముందు తెలియాలి. ఈరోజు అదే మాట్లాడుకుందాం.

ముందు లోపల ఏం జరుగుతుందో సింపుల్‌గా చెప్తాను. మీ రూట్‌ని సాఫ్ట్‌వేర్ చిన్న చిన్న ముక్కలుగా కోస్తుంది. ఒక్కో ముక్కలో, ఆ వారం, ఆ టైమ్‌కి బండ్లు మామూలుగా ఎంత స్పీడ్‌లో వెళ్తాయో దాని దగ్గర పాత డేటా ఉంటుంది. అది మన ఫోన్ల నుంచే వస్తుంది. దానికి ఇప్పుడున్న లైవ్ ట్రాఫిక్ కలుపుతుంది. అన్ని ముక్కల టైమ్ కూడితే మొత్తం వస్తుంది. 2020లో గూగుల్, డీప్‌మైండ్ కలిసి దీనికి గ్రాఫ్ న్యూరల్ నెట్‌వర్క్స్ వాడుతున్నామని చెప్పాయి. 97 శాతానికి పైగా ట్రిప్స్‌లో తమ అంచనా కరెక్ట్‌గా వస్తోందని కూడా గూగుల్ అప్పుడే ప్రకటించింది.

అది కంపెనీ సొంతంగా చెప్పుకున్న లెక్కే. అయినా నేను కొట్టిపారేయను. ఎందుకంటే చక్రాలు తిరుగుతున్నంతసేపు ఆ అంచనా నిజంగానే బాగుంటుంది. తేడా వచ్చేది చక్రాలు ఆగినప్పుడు. మీ నాన్నగారికి షుగర్ ఉందని, గంటన్నరకి ఒకసారి రెస్ట్‌రూమ్‌కి ఆగాలని మ్యాప్‌కి తెలియదు. అమ్మగారికి కాఫీ పడకపోతే తలనొప్పి వస్తుందని తెలియదు.

ఇప్పుడు ఆ ప్లాన్‌ని తీసుకుని లెక్క వేద్దాం.

మొదటి రోజు. ఉదయం 6 గంటలకి వేగాస్‌లో స్టార్ట్. కింగ్‌మన్, విలియమ్స్ మీదుగా గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌కి సుమారు 280 మైళ్లు, అంటే 450 కిలోమీటర్లు. మ్యాప్ దాదాపు నాలుగున్నర గంటలు చూపిస్తుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ ఇంచుమించు 270 కిలోమీటర్లు, మనకి అదీ ఇంచుమించు ఇంతే టైమ్ పడుతుంది. అందుకే "ఓ విజయవాడ ట్రిప్ అంతే కదా" అనిపిస్తుంది. కానీ మన హైవే మీద సూర్యాపేట దాకా ఎక్కడ ఆకలేస్తే అక్కడ ఆగొచ్చు. అరిజోనాలో ఒక ఎగ్జిట్ వదిలేస్తే మళ్లీ పెట్రోల్ బంక్, బాత్రూమ్ కనిపించడానికి చాలా దూరం వెళ్లాల్సి రావచ్చు. కాబట్టి అవసరం లేకపోయినా ఆగుతాం. ఆగిన ప్రతిసారీ నలుగురు దిగి నలుగురు ఎక్కేసరికి పావుగంట ఎక్కడికీ పోదు.

ప్లాన్ ప్రకారం 10:30కి కాన్యన్, అక్కడ రెండు గంటలు, 12:30కి బయల్దేరి పేజ్ అనే ఊరికి రెండున్నర గంటలు. 3 గంటలకి పేజ్, 4 గంటలకి యాంటిలోప్ కాన్యన్ టూర్. గంట మార్జిన్ ఉంది, బానే ఉంది కదా?

ఇప్పుడు మనుషుల్ని కలపండి. టిఫిన్‌కి, రెస్ట్‌రూమ్‌కి రెండుసార్లు ఆగితే 45 నిమిషాలు. పార్క్ గేట్ దగ్గరికి 11:15. సమ్మర్‌లో ఆ టైమ్‌కి గేట్ దగ్గర కార్ల క్యూ ఉంటుంది, లోపల పార్కింగ్ వెతకాలి. ఇంకో 45 నిమిషాలు వేసుకోండి, 12 అయింది. రెండు గంటలు చూస్తే 2. అక్కడి నుంచి పేజ్‌కి రెండున్నర గంటలు, 4:30. టూర్ మిస్.

ఇంకో సంగతి. ఆ రెండున్నర గంటల్లో మొదటి 25 మైళ్లు డెజర్ట్ వ్యూ డ్రైవ్. దారి పొడుగునా వ్యూ పాయింట్లే. మ్యాప్ దాన్ని ఆగకుండా దాటేసే రోడ్డుగానే లెక్కేస్తుంది. గుంటూరు నుంచి అంత దూరం వచ్చిన అమ్మానాన్నని అక్కడ ఒక్కచోట కూడా దించకుండా తీసుకెళ్తారా?

గమనించండి, ఇందులో మ్యాప్ ఎక్కడా తప్పు చెప్పలేదు. 450 కిలోమీటర్లు నాలుగున్నర గంటల్లోనే నడిపారు. అయినా టూర్ పోయింది. యాంటిలోప్ కాన్యన్‌లోకి గైడ్ లేకుండా పంపరు, స్లాట్ ముందే బుక్ చేసుకోవాలి. లేట్‌గా వెళ్తే స్లాట్ పోయినట్టే అనుకోండి.

రెండో రోజు ఇంకా ముఖ్యం. ఉదయం 8కి పేజ్ నుంచి మాన్యుమెంట్ వ్యాలీకి సుమారు రెండు గంటల పది నిమిషాలు. అక్కడ లోపల 17 మైళ్ల మట్టిరోడ్డు లూప్ ఉంది. 17 మైళ్లే కదా అనుకోవద్దు, రెండు మూడు గంటలు పడుతుంది. లంచ్ కలిపితే మధ్యాహ్నం ఒంటిగంట దాటుతుంది. తిరిగి వేగాస్‌కి మ్యాప్ టైమే ఆరున్నర గంటల దాకా ఉంటుంది. మూడుసార్లు ఆగితే రాత్రి 9. రెంటల్ కార్ తిరిగిచ్చి, అక్కడి నుంచి షటిల్ బస్సులో ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లాలి. వాళ్ల ఫ్లైట్ 10:30కి.

ఫ్లైట్ మిస్ అయితే డబ్బులు పోతాయి, అంతే. నా భయం అది కాదు. 13 గంటల రోజు చివర్లో, ఒక్కడే డ్రైవర్, చీకటి పడింది, వెనక అమ్మానాన్న నిద్రపోతున్నారు, ఫోన్‌లో అరైవల్ టైమ్ ఒక్కో నిమిషం పెరుగుతోంది. అప్పుడు కాలు యాక్సిలరేటర్ మీద బరువెక్కుతుంది. అమెరికాలో రోడ్డు ప్రమాదాల్లో మనవాళ్లు పోయిన వార్తలు మనం ఎన్ని చూడట్లేదు? ప్లాన్‌లో దాచిన ఆ గంట ఎక్కడికీ పోదండి, చివరికి డ్రైవర్ నిద్రలోంచి, స్పీడ్‌లోంచి వసూలు చేసుకుంటుంది.

ఇక టైమ్ జోన్ సంగతి. అరిజోనా రాష్ట్రం సమ్మర్‌లో గడియారం ముందుకి జరపదు. కానీ అందులోనే ఉన్న నవాహో నేషన్ జరుపుతుంది. అంటే జులైలో వేగాస్, పేజ్ ఒకే టైమ్, మాన్యుమెంట్ వ్యాలీ గంట ముందు. పేజ్‌లో 8కి బయల్దేరితే అక్కడి గడియారంలో 11:10కి చేరతారు. చలికాలంలో ఇది మారిపోతుంది: పేజ్, మాన్యుమెంట్ వ్యాలీ ఒకే టైమ్, వేగాస్ గంట వెనక. యాంటిలోప్ టూర్లు మాత్రం అరిజోనా టైమ్ ప్రకారం నడుస్తాయి. ఆ బోర్డర్లలో ఫోన్ గడియారం ఏ టవర్‌ని పట్టుకుంటే ఆ టైమ్ చూపిస్తుంది. అందుకే అక్కడ గడియారాన్ని కాదు, ప్రయాణం ఎన్ని గంటలో చూసుకోండి.

మరి ఏం చేయాలి? నాలుగు పనులు.

ఒకటి, ఇంట్లో కూర్చుని ఇప్పటికిప్పుడు చూపించే టైమ్ తీసుకోకండి. బయల్దేరే తేదీ, గంట సెట్ చేసి చూడండి. కంప్యూటర్‌లో రేంజ్ చూపిస్తే అందులో పెద్ద నంబర్ రాసుకోండి.

రెండు, ప్రతి రెండు గంటల డ్రైవింగ్‌కి అరగంట కలపండి. పెద్దవాళ్లు, పిల్లలు ఉంటే ఇది లగ్జరీ కాదు, మినిమమ్. గేట్ క్యూ, పార్కింగ్, కార్ రిటర్న్ విడిగా రాయండి.

మూడు, ఆఫ్‌లైన్ మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి. అక్కడ చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. అయితే ఆఫ్‌లైన్‌లో లైవ్ ట్రాఫిక్ రాదు, గుర్తుంచుకోండి.

నాలుగు, సూర్యాస్తమయం ఎప్పుడో చూసి, ఆలోపు హోటల్ చేరేలా వెనక్కి లెక్కేయండి. ఆ రోడ్ల మీద రాత్రి లైట్లు ఉండవు. ఎల్క్ జింకలు, ఆవులు, గుర్రాలు రోడ్డు మీదకి వచ్చేస్తాయి.

ఆ సబ్‌స్క్రైబర్‌కి నేను రాసింది ఇదీ: మూడు రోజులు పెట్టుకోండి, మాన్యుమెంట్ వ్యాలీ వదిలేయండి. మొదటి రోజు గ్రాండ్ కాన్యన్, రాత్రి అక్కడే దగ్గర్లో స్టే. రెండో రోజు ఉదయం డెజర్ట్ వ్యూ మీదుగా తీరిగ్గా పేజ్, మధ్యాహ్నం టూర్, అక్కడే స్టే. మూడో రోజు పేజ్ నుంచి నేరుగా వేగాస్, మ్యాప్‌లో నాలుగున్నర గంటలే.

లిస్ట్‌లో ఒక ప్లేస్ తగ్గుతుంది, నిజమే. కానీ మీరు టైమ్‌తో పరిగెత్తకుండా అమ్మానాన్న పక్కన నిలబడి ఆ లోయని చూస్తారు.

మీరు వేరే దేశంలో డ్రైవ్ చేసి ఉంటే, మ్యాప్ ఎంత చెప్పింది, మీకు ఎంత పట్టింది, మధ్యలో ఎందుకు ఆగారు, ఈ మూడూ కామెంట్‌లో రాయండి. వెళ్లబోయేవాళ్లకి బాగా పనికొస్తాయి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా జాగ్రత్తగా నడపండి, ఉంటానండి.