ఆశ్రమమందలి వృద్ధులు - ఆసుపత్రి పయనములు



నర్సింగు హోము అను మాటకు మన ఊళ్లలో ఒక అర్థము, అమెరికాలో మరియొక అర్థము. మనకు అది పట్టణములో డాక్టరుగారు నడుపు చిన్న ఆసుపత్రి. అక్కడనో, స్నానము, భోజనము, నడక తమంతట తాము సాగించుకొనలేని వృద్ధులు ఏండ్ల తరబడి నివసించు శుశ్రూషాలయము. అట్టి చోటనున్న వృద్ధులను, తప్పించదగిన సందర్భములలో సైతము, ఆసుపత్రికి తరలించుటవలన కలుగు కీడును గూర్చి నేడు మనవి చేయదలచితిని.

ఇది పరాయి దేశపు ముచ్చట యని తలంపవలదు. బిడ్డలు దూరదేశములకుపోగా వృద్ధాశ్రమములలో చేరిన తల్లిదండ్రులు మన జిల్లాలలోను కలరు. ప్రతి జిల్లాయందును కనీసము 150 మంది నిరుపేద వృద్ధులకు చాలునట్టి ఆశ్రమమొకటి ఉండవచ్చునని 2007వ సంవత్సరపు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము చెప్పుచున్నది.

ముందుగా నా యింటి సంగతి యొకటి చెప్పెదను. నా మేనత్త 82వ యేట నొక ఆశ్రమమున ఉండెను. ఒకనాటి రాత్రి పదకొండు గంటలకు అక్కడివారు నాకు ఫోను చేసి, "అమ్మగారికి ఒళ్లు వెచ్చబడినది, ఏమేమో పలవరించుచున్నారు, ఏమి చేయుమందురు?" అని యడిగిరి. నేను భయపడి, వెంటనే ఆసుపత్రికి కొనిపొండంటిని. నీరు చాలక ఒళ్లెండుటయు, మూత్రమున సూక్ష్మక్రిములు చేరుటయు కారణమని అక్కడ తేలినది. క్రొత్త గోడలు, క్రొత్త ముఖములు, రాత్రియంతయు ఆరని దీపములు. ఆమె మతి మరింత చెదరెను. చేతికి పెట్టిన గొట్టములు లాగివేయుచున్నదని చేతులు మంచమునకు కట్టిరి. తొమ్మిదవనాడు తిరిగి వచ్చునప్పటికి నడుము క్రింద పుండు పడియుండెను. కఱ్ఱ పట్టుకొని వరండా చివరకు నడిచిన మనిషి మరల లేచి నడువలేదు.

పిమ్మట నేను ఆశ్రమమునకు పోగా, అన్నము వడ్డించు ఆమె నాతో ననిన మాట యిది: "అంతకు మూడు దినముల ముందునుండియే అమ్మగారు మజ్జిగ ముట్టలేదండి. నన్నెవరును అడుగలేదండి."

ఆ రాత్రి ఆసుపత్రికి పంపుట తప్పని నేను చెప్పజాలను. అప్పటికి వేరు దారి లేదు. ఆ మూడు దినములు ఊరక పోవుటయే తప్పు. ఆ తప్పులో నాకును పాలు కలదు. మాసమునకొకసారి పోయి సొమ్ము కట్టి వచ్చితినే కాని, ఆమె ఎంత తినుచున్నదని నేనును అడిగియుండలేదు.

వృద్ధునికి మంచమే శత్రువు. ఆరోగ్యవంతులైన వృద్ధులను 10 దినములు మంచముపై నుంచి చేసిన పరీక్ష యొకటి 2007లో ప్రకటింపబడినది. వారి కాళ్ల కండ సుమారు ఒక కిలో తరిగెనని తేలినది. రోగము లేనివారి గతియే యిట్లుండగా, జ్వరపడినవారి మాట చెప్పనేల? దీనికి తోడు ఆసుపత్రిలో అంటుకొను క్రిములు, పడక పుండ్లు, మందుల తారుమారు కలవు.

ఇంత కీడు తెలిసియు ఏల పంపుచున్నారు? రాత్రివేళ డాక్టరు దొరకడు. నర్సు చాలదు. బంధువులకు భయము. అమెరికాలో ధనమును ఒక కారణము. అక్కడ చిరకాలము శుశ్రూషాలయములలో నుండువారిలో పెక్కుమంది ఖర్చును బీదలకొఱకైన మెడికెయిడు భరించును; అది యిచ్చునది తక్కువ. ఆ వృద్ధుడే 3 దినములు ఆసుపత్రిలో నుండి, నర్సుల చికిత్స కావలసినవాడై తిరిగి వచ్చినచో, వృద్ధుల బీమాయైన మెడికేరు 100 దినములవరకు హెచ్చు రేటున చెల్లింపగలదు. అనగా, పంపినవారికి లాభము. శ్రమపడి తమయొద్దనే నయము చేసినవారికి నష్టము.

దీనిని సరిదిద్దుటకు అక్కడి ప్రభుత్వము 2012లో 7 సంస్థలద్వారా ఒక ప్రయత్నము ప్రారంభించెను. మిస్సోరీ రాష్ట్రమున, ఆ ప్రయత్నమున చేరిన ప్రతి శుశ్రూషాలయమునందును ఉన్నత శిక్షణ పొందిన నర్సు నొకరిని నిలిపిరి. అచ్చట ఆసుపత్రి పయనములు బాగుగా తగ్గినవి. 2016 మొదలు 2020 వరకు సాగిన రెండవ విడతలో ఆరు జబ్బులను లెక్కకు తీసికొనిరి: ఊపిరితిత్తుల వాపు, మూత్రపు జబ్బు, గుండె నీరసించి నీరు చేరుట, ఒళ్లెండుట, చర్మపు పుండ్లు, ఉబ్బసమువంటి శ్వాసరోగములు. వీటిని ఉన్నచోటనే నయము చేసినవారికి అదనపు సొమ్మిచ్చిరి. కాని సొమ్ము ఒక్కటియే ఆశించిన ఫలము నియ్యలేదు. దగ్గఱనుండి చూచు మనిషి కావలెను.

కెనడా దేశమున హామిల్టను ప్రాంతమందలి 22 శుశ్రూషాలయములలో జరిగిన పరీక్ష 2006లో ప్రకటింపబడెను. ఊపిరితిత్తులకు వాపు వచ్చినవారికి కొన్నిచోట్ల ఉన్నచోటనే మాత్రలు, నీరు ఇచ్చి, ప్రాణవాయువు కొలిచి, ఎక్సురే యంత్రమును అక్కడికే తెచ్చి, నర్సుచేత కనిపెట్టి చూపించిరి. వాడుక ప్రకారము చికిత్స జరిగినచోట నూటికి 22 మంది ఆసుపత్రికి పోగా, ఇక్కడ 10 మందియే పోయిరి. మరణములు మాత్రము రెండు చోట్లను ఇంచుమించు సమానమే. ఆసుపత్రికి పంపనందున ప్రాణములు పోలేదని దీని భావము.

అమెరికాలో డాక్టరు జోసెఫ్ ఔస్లాండరు మొదలగువారు ఏర్పరచిన ఇంటరాక్టు అను పద్ధతిలో "ఆగి చూడుము" అను చిన్న కాగితమొకటి కలదు. అది డాక్టరుకొఱకు కాదు, అన్నము పెట్టు ఆయాకొఱకు. మాట తగ్గినదా? తిండి తగ్గినదా? నీరు త్రాగుట మానినదా? విరేచనము కాలేదా? నడచుటకు హెచ్చు సాయము కావలసివచ్చినదా? చర్మపు రంగు మారినదా? ఎప్పటివలె లేదని తోచినచో గుర్తుపెట్టి నాడే నర్సుకు ఇయ్యవలెను. 25 శుశ్రూషాలయములలో ఆరు నెలలు ఈ పద్ధతి నడువగా ఆసుపత్రి చేరికలు నూటికి 17 వంతున తగ్గెనని 2011లో వ్రాసిరి. 2017లో ప్రకటింపబడిన మరియొక పరీక్షలో చెప్పుకోదగిన తగ్గుదల కానరాలేదు. కావున కాగితము పంచిపెట్టిన చాలదు. దానిని చదివి కదలువారుండవలెను.

ఇక్కడ ఒక హెచ్చరిక. తుంటి విరిగినను, గుండెలో నొప్పి వచ్చినను, మూతి వంకరపోయి చేయి పడిపోయినను, ఆగని నెత్తురు కారినను, ఊపిరి ఆడకున్నను, క్షణము జాగు చేయరాదు. ఖర్చునకు వెఱచి ఆసుపత్రి మానుట వేరు, ముందుగా కనిపెట్టి ఆ యవసరము రాకుండ చేయుట వేరు.

మీ గ్రామమునుండి ఎవరైనను ఆశ్రమమున చేరుచున్నయెడల, మీరు పెద్దలుగా కొన్ని ప్రశ్నలు వేయుడు. డాక్టరు ఎన్నిదినముల కొకసారి వచ్చును? రాత్రివేళ ఎవరిని పిలుతురు? బరువు తూచి వ్రాయుచున్నారా? త్రాగిన నీటికి లెక్క కలదా? అన్నము వడ్డించు ఆమె చెప్పినమాట ఎవరు విందురు? వాడు మందుల పట్టిక ఎక్కడనున్నది? పయనమే తప్పనిచో ఆ పట్టికయు, ఎఱిగిన మనిషి యొకరును వెంట పోవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. ఆ వృద్ధుని మతి తిన్నగానున్న దినమున ప్రక్కన కూర్చుండి, "జబ్బు ముదిరిననాడు నీకేమి కావలెను?" అని అడిగి, చెప్పినది వ్రాసియుంచుడు. అర్ధరాత్రి ఫోనులో మనము తీర్మానించుటకంటె అది మేలు. నేను మా మేనత్త నడుగలేదు. మీరడుగుడు.