పాత గోడలు – కొత్త గొంతులు
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిపంతుళ్ళం. నల్లబల్ల ముందు రోజంతా మాట్లాడతాం గాని, మైకు ముందు నిలబడే అలవాటు లేదు. తప్పులుంటే పెద్ద మనసుతో మన్నించండి. మన ఊరి పాత ముసాఫిర్‌ఖానా విషయమై నాలుగు మాటలు మనవి చేసుకుంటాం.

దాన్ని పడగొట్టి దుకాణాల కాంప్లెక్సు కట్టాలని గత సర్వసభ్య సమావేశంలో ప్రతిపాదన వచ్చింది. దాచడమెందుకు, సరేనని చేయెత్తిన వాళ్ళలో మేమూ ఉన్నాం. వాన పడితే హాలంతా మడుగు. కాంప్లెక్సు కడితే అద్దెలొస్తాయి, పేదపిల్లల స్కాలర్‌షిప్పులకు డబ్బు పుడుతుంది. ఇందులో తప్పేముంది అనుకున్నాం.

ఆ తర్వాత పిల్లల్ని హైదరాబాదు విహారయాత్రకు తీసుకెళ్ళాం. గోల్కొండ కోట ద్వారం దగ్గర చప్పట్లు కొడితే ఆ శబ్దం పైన బాలాహిసార్‌లో వినిపిస్తుంది. మా పిల్లలు చేతులు ఎర్రబడేదాకా కొట్టారు. అక్కణ్ణుంచి తారామతి బారాదరికి వెళ్ళాం. పన్నెండు ద్వారాలున్న మంటపం గనుక బారాదరి అని పేరు. కుతుబ్‌షాహీల నాటిది. ఇప్పుడు దాని చెంతనే ఆరుబయలు రంగస్థలం ఉంది, పాటకచేరీలు, నాటకాలు జరుగుతాయి. హైదరాబాదు నాటకరంగంలో పేరు గడించిన ఖాదర్ అలీ బేగ్ గారి జ్ఞాపకార్థం 2005లో ఏర్పడిన సంస్థ వారు అక్కడా, గోల్కొండ కోటలోనూ నాటకాలు ఆడారు. ఆ కృషికి ఆయన కుమారుడు మహమ్మద్ అలీ బేగ్ గారికి 2014లో పద్మశ్రీ వచ్చింది.

ఊరికి తిరిగొచ్చాక, క్లాసులో ఎన్నడూ నోరు విప్పని ఒక అమ్మాయి మా దగ్గరికొచ్చి, "సార్, మన ముసాఫిర్‌ఖానాలో కూడా అలాగే వినిపిస్తుందా?" అని అడిగింది. వెళ్ళి చూశాం. ఆ పిల్ల కమాను కింద నిలబడి పాఠం చదివింది. మైకు లేదు. చివరి గోడ దగ్గర నిలబడ్డ మాకు ప్రతి అక్షరమూ వినిపించింది. ఇన్నేళ్ళుగా మనం పాతబడిందని వదిలేసిన హాలు ఇదేనా అనిపించింది.

కూలకుండా నిలబెట్టుకున్న వారి సంగతి వినండి. బొంబాయిలో రాయల్ ఒపేరా హౌస్ 1911లో ప్రారంభమైంది. నాటకాలు పోయి సినిమాలొచ్చాయి. 1993లో తలుపులు మూతపడ్డాయి. బాగుచేయించి 2016లో మళ్ళీ తెరిచారు. మరుసటి ఏడు యునెస్కో వారి పురస్కారం అందుకుంది. మన హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్ కూడా అంతే. మరమ్మతుల తర్వాత 2005లో ప్రజలకు తెరిచారు, 2010లో యునెస్కో పురస్కారం వచ్చింది.

అయితే అద్దెల మాటేమిటి? న్యాయమైన ప్రశ్నే. 1935 నాటి మొజంజాహీ మార్కెట్టును చూడండి. 2018లో పని మొదలుపెట్టి 2020 నాటికి బాగుచేశారు. పండ్ల దుకాణాలు, ఐస్‌క్రీం దుకాణాలు పోలేదు. మధ్య ఆవరణలో సంగీత సాయంత్రాలూ జరిగాయి. వ్యాపారమూ ఉంది, కళా ఉంది. మనమూ వీధి వైపు గదులు అద్దెకిచ్చి, హాలు మాత్రం పిల్లలకు ఉంచవచ్చు గదా!

మరమ్మతు మాటకొస్తే, సిమెంటు పూసి చేతులు దులుపుకుంటే చాలదు. పాత గోడలు సున్నంతో కట్టినవి. వాటికి చెమ్మ పీల్చుకొని బయటికి వదిలే గుణం ఉంది. పైన సిమెంటు పూస్తే ఆ చెమ్మ లోపలే చిక్కుకుంటుంది, గోడ పొరలు పొరలుగా రాలుతుంది. 2013లో మొదలైన కుతుబ్‌షాహీ సమాధుల మరమ్మతుల్లో ఎప్పుడో పూసిన సిమెంటును ఒలిచి, మళ్ళీ సున్నమే పూశారు. కాబట్టి ముందు కప్పు మీద నీరు నిలవకుండా చేయించి, సున్నపు పని తెలిసిన మేస్త్రీకి చూపిద్దాం.

"నాటకాలా? మన సంఘంలోనా?" అని కొందరు పెద్దలు నొసలు చిట్లించవచ్చు. ఆగా హష్ర్ కాశ్మీరీ గారు ఉర్దూలో నాటకాలు రాసి ఎంత పేరు తెచ్చుకున్నారో మీకు మేము చెప్పాలా? హాలు వేరు, నమాజు గది వేరు. అజాన్ వినిపించగానే కార్యక్రమం ఆపేద్దాం. పిల్లల నాటికలు, ముషాయిరాలు, బైత్‌బాజీ పోటీలు, తెలుగు కవి సమ్మేళనాలు, ఇవే మా కోరిక.

ఇంకొక్క మాట. దాత రాసిన పత్రంలో ఏ షరతులున్నాయో ముందుగా చదవాలి. వక్ఫ్ ఆస్తి అయిన పక్షంలో బోర్డు వారి అనుమతి తీసుకోవాలి. ఇచ్చినవారి మాట తప్పి చేసే మంచి, మంచి అనిపించుకోదు.

కార్యవర్గం వారికి మా విన్నపం ఒక్కటే. ఆ తీర్మానాన్ని ఒక్క ఏడాది ఆపండి. కప్పు బాగుచేయడానికి మా ఉపాధ్యాయులం తలా ఒక నెల జీతం ఇస్తాం. వచ్చే వార్షికోత్సవం ఆ హాల్లోనే జరుపుదాం. మొదట ఆ అమ్మాయి చేతనే మాట్లాడిద్దాం. మీరు చివరి వరుసలో కూర్చొని వినండి. ఆమె గొంతు మీదాకా రాకపోతే, అప్పుడు మళ్ళీ చేతులెత్తండి.