పెళ్లి ఫోటోలకు మేము కొన్న లెన్సు
(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



పోయినేడు ఇదే సమావేశంలో మా సంఘం కెమెరా కొన్నదని చదివితే మీరంతా చప్పట్లు కొట్టారు. తర్వాత ఏం జరిగిందో చెప్పమని ఈసారి పిలిచారు. ఉన్నది ఉన్నట్టు చెప్తాం. ఇంకో రెండు సంఘాల వాళ్లు కూడా కెమెరా కొనే ఆలోచనలో ఉన్నారంట. ముఖ్యంగా వాళ్లు వినాలి.

మా సంఘంలో పదిమందిమి, ఫోటోలు తీసేది ఇద్దరు. సంఘం అప్పు 60,000 పెట్టి కానన్ 1500డి కెమెరా కొన్నాం. పెట్టెలో రెండు లెన్సులు వచ్చాయి. ఒకటి పొట్టిది, 18-55. రెండోది పొడుగుది, 55-250. షాపులో కుర్రాడు పొడుగుదాన్ని చూపించి, "ఇది పట్టుకుని నిలబడితే చాలమ్మా, బేరాలు అవే వస్తాయి" అన్నాడు. మేమూ నమ్మాం. లెన్సు ఎంత పొడుగుంటే అంత పెద్ద ఫోటోగ్రాఫర్ అని ఊళ్లో అందరి లెక్కా అదే కదా.

ఓణీల ఫంక్షన్లు, సీమంతాలు పగటిపూట కాబట్టి బాగానే వచ్చాయి. మొదటి పెళ్లిలో మా పని బయటపడింది. ముహూర్తం తెల్లవారుజామున 2 గంటల 40 నిమిషాలకు. ఇంటిముందు పందిరి, నాలుగు ట్యూబులైట్లు. జీలకర్ర బెల్లం పెట్టే వేళకు చుట్టాలంతా చుట్టూ మూగారు. మేము వెనక నిలబడి పొడుగు లెన్సుతో తీశాం. మూడుముళ్లు మసక. తలంబ్రాలు గీతలు గీసినట్టు వచ్చాయి. కెమెరా మీదున్న చిన్న ఫ్లాష్ వేస్తే ముఖాలకు సున్నం కొట్టినట్టుంది. పెళ్లికూతురి తల్లి ఆ ఫోటోలన్నీ చూసి ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. మాట్లాడుకున్న 18,000లో 9,000 వెనక్కి ఇచ్చేశాం. ఆ నెల కిస్తీ మిగతా సభ్యులు తలా కొంత వేసి కట్టారు.

తర్వాత అడిగి తెలుసుకున్నాం. లెన్సు మీద రెండు రకాల అంకెలుంటాయి. ఎంఎం అంటే ఎంత దూరానిది దగ్గరగా చూపిస్తుందో చెప్పేది. రెండోది ఎఫ్ అంకె, అంటే లెన్సు లోపలి కన్ను ఎంత తెరుచుకుంటుందో చెప్పేది. ఇది తిరకాసు అంకె, ఎంత చిన్నదైతే కన్ను అంత పెద్దగా తెరుచుకుంటుంది. మా పొడుగు లెన్సు పూర్తిగా లాగితే 5.6 దగ్గర ఆగిపోతుంది. 50 ఎంఎం లెన్సు 1.8 వరకు తెరుచుకుంటుంది, అంటే లోపలికి తొమ్మిది రెట్లకు పైగా వెలుతురు. పొడుగుదానితో సెకనులో 15వ వంతు పట్టే ఫోటో దీంతో 125వ వంతులో అయిపోతుంది. తలంబ్రాలు పోసే చెయ్యి అంత త్వరగా తీస్తేనే ఆగి కనిపిస్తుంది. లెన్సు మీద ఐఎస్ అని రాసుంటే చాలనుకోకండి. అది మన చేతి వణుకును ఆపుతుంది గానీ పెళ్లికూతురి చెయ్యి కదలకుండా ఆపదు.

సంఘం మీటింగులో లెన్సు మాట ఎత్తగానే "ఇంకో అప్పా?" అని పెద్ద గొడవయింది. వాళ్ల తప్పేం లేదు. చివరికి మాలో పెద్దావిడ, "గ్రైండరు కొనేముందు పక్కింట్లో రుబ్బి చూస్తాం కదే, అద్దెకు తెచ్చి చూడండి" అంది. అలాగే తెచ్చాం. ఒక పెళ్లికి 50 ఎంఎం 1.8, ఇంకో పెళ్లికి 17-50 ఎంఎం 2.8. పాత ఫోటోలు కూడా కంప్యూటర్లో తెరిచి, ఏది ఎన్ని ఎంఎం దగ్గర తీశామో కాగితం మీద రాసుకున్నాం. దాదాపు అన్నీ 55 లోపే. పొడుగు లెన్సు మెడకు బరువు తప్ప పనికొచ్చింది తక్కువ.

ఒక్క లెన్సే కొనాలంటే 17-50 మేలు. కానీ పాతదైనా 50 ఎంఎం ఖరీదుకు మూడింతలు చెప్పారు. అందుకే పాత 50 ఎంఎం 6,500కు తీసుకున్నాం. ఇరుకు పందిరైతే 17-50 అద్దెకు తెచ్చి, ఆ అద్దె బేరంలోనే కలిపి చెప్తాం.

50 ఎంఎంతో ఇబ్బందులూ ఉన్నాయి. మా కెమెరాలో అది 80 ఎంఎం అంత దగ్గరగా చూపిస్తుంది. పెళ్లికూతుర్ని చేసే గదిలో వెనక్కి జరగడానికి చోటుండదు. ఆ గది మనకే వచ్చే బేరం, మగవాళ్లను లోపలికి రానివ్వరు కదా. అక్కడ కిటికీ తెరిపించి పొట్టి లెన్సే 18 దగ్గర పెడతాం. ఇంకోటి, 1.8 దగ్గర పెళ్లికూతురి కళ్లు తేటగా వచ్చి పక్కనున్న పెళ్లికొడుకు మసకబారతాడు. ఒకసారి అలాగే అయింది, పెళ్లికొడుకు నవ్వి ఊరుకున్నాడు. ఇద్దరుంటే 2.8కి తెస్తాం, ఇద్దరినీ ఒకే వరసలో నిలబెడతాం. ఇరవైమంది గ్రూపు ఫోటోకైతే 5.6, దానికి లైట్లు గట్టిగా ఉండాలి.

పాతది కొనేవాళ్లు మన కెమెరా వెంట తీసుకెళ్లాలి. లెన్సులోకి ఫోన్ టార్చి వేసి చూడండి, సాలెగూడు లాంటి పోగులుంటే అది బూజు, వదిలేయండి. ఫోకస్ చేసి పది ఫోటోలు తీసి, పెద్దవి చేసి చూడండి. కానన్‌లో ఆర్ఎఫ్ లెన్సులు మా కెమెరాకు పట్టవు. నికాన్ డి3500, డి5600 లాంటి వాటిలో ఫోకస్ మోటారు ఉండదు, కాబట్టి పాత 50 ఎంఎం 1.8డి పెడితే ఫోకస్ చేత్తోనే తిప్పుకోవాలి. 1.8జి అని రాసున్నది అడగండి.

ఇప్పటికి ఏడు పెళ్లిళ్లు చేశాం. పొడుగు లెన్సు అమ్మేశాం. సభ్యులు మా కోసం వేసిన డబ్బులు తిరిగి ఇచ్చాం, ఇంకా నాలుగు కిస్తీలున్నాయి. డబ్బు వెనక్కి ఇచ్చిన ఆ ఇంటివాళ్లే మొన్న రెండో అమ్మాయి పెళ్లికి బయానా ఇచ్చి వెళ్లారు. ముహూర్తం మళ్లీ తెల్లవారుజామునే.

లెన్సు మా సంచిలో ఉంది. భోజనాల దగ్గర చూపిస్తాం, కాకపోతే చేతులు కడుక్కుని రండి.