సున్నకు చేరువలో



ఒకటిని సున్నతో భాగిస్తే ఎంత? తరగతిలో ఈ ప్రశ్న పుట్టగానే కొందరు విద్యార్థులు ‘అనంతం’ అంటారు. మరికొందరు ‘భాగించరాదు’ అంటారు. కారణమడిగితే ఉభయులూ మౌనం వహిస్తారు. ఆ మౌనం అవమానకరం కాదు. ఈ ప్రశ్న ఎదుట మహామహులే భిన్నమార్గాలు పట్టారు.

క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు సున్నను సున్నతో భాగిస్తే సున్నయే అన్నాడు. తక్కిన సంఖ్యలను సున్న హారముగా గల భిన్నాలుగానే విడిచిపెట్టాడు. 9వ శతాబ్దిలో, రాష్ట్రకూట ప్రభువు అమోఘవర్షుని కాలాన, మహావీరాచార్యుడు సున్నతో భాగించిన సంఖ్య మారదన్నాడు. ఆయన ‘గణితసారసంగ్రహము’నే పావులూరి మల్లన తెలుగు పద్యాలలోనికి తెచ్చాడు. 12వ శతాబ్దిలో భాస్కరాచార్యుడు అట్టి రాశికి ‘ఖహరము’ అని పేరిడి, అది అనంతమన్నాడు. జీవులు ఎన్ని లీనమైనా, ఎన్ని వెలువడినా మార్పెరుగని అచ్యుతునితో దానిని పోల్చాడు.

భాస్కరుని భావం వంటింటి కొలతలలో చక్కగా గోచరిస్తుంది. కుంచెడు బియ్యం మానికతో కొలిస్తే 4 సార్లు, తవ్వతో 8, సోలతో 16, గిద్దతో 64. పాత్ర చిన్నదైనకొద్దీ లెక్క పెరుగుతుంది. పరిమాణమే లేని పాత్రతో ఎన్నిసార్లు కొలిచినా ఒక్క గింజ తరగదు.

కానీ పాత్రలు చూపలేని మరొక వైపు సంఖ్యలకున్నది. 1/x అనే వ్యుత్క్రమ ప్రమేయంలో x విలువ 1/10, 1/100, 1/1000 అవుతూ ఉంటే ఫలితం 10, 100, 1000గా పైకెగయును. అదే x విలువ -1/10, -1/100, -1/1000 అవుతూ ఉంటే ఫలితం -10, -100, -1000గా పాతాళానికి దిగును. గ్రాఫు గీచిన విద్యార్థికి y-అక్షానికి కుడివైపు శాఖ ఆకాశానికి, ఎడమవైపు శాఖ అధోలోకానికి పోవుట కనిపిస్తుంది. రెండును ఆ అక్షాన్ని ఎంతగానో సమీపిస్తాయి, ఎన్నడూ తాకవు. ఇట్టి నిలువు గీతయే నిలువు అనంతస్పర్శరేఖ. 1/(x-3) ప్రమేయానికి అది x=3 వద్ద నిలుస్తుంది.

రెండు శాఖలు ఒకేవైపు పోతే చిక్కు తీరునా? 1/x²లో రెండు శాఖలూ పైకే పోతాయి. అయినను సున్న వద్ద విలువ లేదు. ఎందుకనగా, సున్నతో గుణించినప్పుడు ఒకటినిచ్చే సంఖ్య ఏదియు లేదు. ‘అనంతం’ అనునది ఇక్కడ ప్రమేయం పోకడను తెలిపే మాటయే గాని, అది చేరిన సంఖ్య కాదు. సమీపించుట వేరు, చేరుట వేరు. 19వ శతాబ్దిలో కోషీ, వైర్‌స్ట్రాస్‌లు ‘అవధి’ భావనను స్థిరపరచి ఈ భేదాన్ని స్పష్టం చేశారు.

కావున ‘నిర్వచితం కాదు’ అని వ్రాసే బాలిక ఓటమిని ఒప్పుకొనుట లేదు. రెండు వైపులా నడిచి చూచి, కారణమెరిగి అట్లు వ్రాసినచో, ఆమె వ్రాసినది సత్యం. సూత్రాన్ని కంఠస్థం చేయించుట ఒక దినపు పని; ఆ నడకను నేర్పుటయే పాఠశాల పని.