ఎముకలు – నేలనీరు

ఎముక అనగానే రాయివలె మార్పులేని పదార్థము మనకు స్ఫురిస్తుంది. కాని బ్రతికియున్న ఎముక నిరంతరము అరుగుతూ, మరల కట్టబడుతూ ఉంటుంది. తిన్న తిండి, త్రాగిన నీరు, సోకిన ఎండ, చేసిన చాకిరి – ఇవన్నియు దానిని మార్చుతూనే ఉంటాయి.

స్త్రీపురుషుల అస్థిపంజరములకు గల భేదములలో కొన్ని ప్రకృతిసిద్ధములు. ప్రసవమునకు అనువుగా స్త్రీ కటివలయము వెడల్పుగా ఉంటుంది. పురుషుని ఎముకలు సాధారణముగా మందముగా ఉంటాయి. మరికొన్ని భేదములను పరిసరములును, జీవనవిధానమును కల్పిస్తాయి. ఇందుకు ఉదాహరణము కోసము దూరదేశములకు పోనక్కరలేదు. నల్లగొండ సీమయే చాలును.

రామన్నపేట మొదలు మర్రిగూడ వరకు, ఆపైన కూడ, ఈ నేల అడుగున ఉన్నది గ్రానైటు జాతి శిల. అందులోని కొన్ని ఖనిజములలో ఫ్లోరిను ఇమిడి ఉన్నది. రాతి నెరియలలో చిరకాలము నిలిచిన నీరు దానిని కరగించుకొంటుంది. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. ఈ సీమలో ఎన్నో బావుల నీరు ఆ హద్దును దాటినది. పైగా ఇచటి ఎండలకు మనిషి త్రాగే నీరు ఎక్కువ. చలిదేశములో కొంత హాని చేసే నీరే ఇచట మరింత హాని చేస్తుంది.

మన దేశమున ఈ వ్యాధిని 1937లో నాటి నెల్లూరు జిల్లాలో వైద్యులు గుర్తించి వర్ణించినారు. నల్లగొండ జిల్లా రోగులను గూర్చి డాక్టరు సిద్దిఖీ వ్రాసిన వ్యాసము 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నలులో వెలువడినది. ఫ్లోరైడు ఎముకలో చేరి దానిని చిక్కబరచుతుంది. కీళ్లను పట్టియుంచే తంతువులను సైతము గట్టిపరచుతుంది. మెడ తిరుగదు, నడుము వంగదు. వెన్నుపాము నొక్కుకొనిపోతే కాళ్లు చచ్చుబడతాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో మరొక రూపమును వర్ణించినారు: ఎదిగే వయసున మోకాళ్లు లోనికి వంగి ఒకదానినొకటి తాకుతాయి, పాదములు ఎడమవుతాయి.

ఈ హాని స్త్రీపురుషులకు ఒకే తీరున కలుగదు. ఎండలో బరువుపనులు చేసేవాడు నీరు ఎక్కువ త్రాగుతాడు. అతని కీళ్లపై భారము ఎక్కువ. స్త్రీ సంగతి వేరు. గర్భమునందలి శిశువునకును, చంటిబిడ్డకును కావలసిన కాల్షియము ఆమె శరీరమునుండియే పోవలెను. తిండిలో అది చాలనపుడు ఆమె ఎముకలు తరుగుతాయి. ముట్లుడిగిన తరువాత ఆ తరుగుదల హెచ్చుతుంది. ఇట్టి ఎముకలకు ఫ్లోరైడు తోడైతే కష్టము రెట్టింపు. అయినను ఆమె నడుమునొప్పిని కాన్పుల వల్లనని, వయసు వల్లనని ఇంటివారు సరిపెట్టుకొంటారు. ఆ నొప్పి వెనుక నీరున్నదేమో విచారించవలెను.

ముదిరిన వంకరను మందులతో సరిచేయుట సాధ్యము కాదు, నివారణమే మార్గము. పిల్లల పండ్లపై సుద్దవంటి తెల్లని మచ్చలు గాని, గోధుమరంగు చారలు గాని కనిపిస్తే నీటిని పరీక్ష చేయించవలెను. నీరు కాచుటవలన ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియైన కొలది అది చిక్కబడుతుంది. పటికతోను సున్నముతోను దానిని తగ్గించే పద్ధతిని నాగపూరు పరిశోధకులు రూపొందించినారు. ‘నల్లగొండ పద్ధతి’ అని దానికి ప్రపంచమంతట పేరు. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకము నదీజలమును ఊళ్లకు చేర్చినది. ఆ నీరు ఉండగా రుచి కోసము బోరునీటిని త్రాగుట తగదు. పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరలు ఇంటిలో అందరికిని, ముఖ్యముగా గర్భిణులకు, ఎదిగే పిల్లలకు అందవలెను.

ప్రకృతి కల్పించిన భేదమును మనము మార్చనక్కరలేదు. నీటివలన కలిగిన వైకల్యమును మాత్రము రానున్న తరమునకు తప్పించవచ్చును.