ఏ పరీక్ష ముందు?



శ్రీహరికోట పక్కన జరిగే స్నాతకోత్సవంలో రాకెట్ ప్రస్తావన లేకుండా ఏ ప్రసంగమూ ముగియదు. చాలావరకు ఆకాశమే హద్దు అనే మాటతోనే మొదలవుతుంది కూడా. ఈ ప్రసంగం అంత ఎత్తుకు పోదు. ఇక్కడ కూర్చున్న కంప్యూటర్ పట్టభద్రుల్లో చాలామందికి రేపటి నుంచి ఎదురయ్యే ఒక చిన్న చిక్కు గురించే ఇది. కొలువు కోసం సర్టిఫికేషన్ పరీక్షలు రాయాలి. వాటిలో ఏది ముందు రాయాలి, ఏది తర్వాత రాయాలి?

పనికొచ్చే జవాబు పులికాట్ సరస్సుకు అవతలే ఉంది. 2002లో సతీశ్ ధవన్ అంతరిక్ష కేంద్రమని పేరు మారినా సూళ్లూరుపేట వాళ్ల నోట శ్రీహరికోట కేంద్రం ఇప్పటికీ షారే.  అక్కడి నుంచి మనిషిని అంతరిక్షంలోకి పంపి క్షేమంగా తిరిగి తేవాలన్నది గగన్‌యాన్ సంకల్పం. ఆ ప్రయాణం వరుస చిన్నపిల్లలూ చెబుతారు: ముందు లేవాలి, కక్ష్యలో తిరగాలి, చివరికి దిగాలి. పరీక్షలు మాత్రం ఆ వరుసలో జరగలేదు. అన్నిటికన్నా చివర జరగాల్సిన దిగడాన్నే ముందు పరీక్షించారు.

2007 జనవరి 10న పీఎస్ఎల్‌వీ-సీ7 రాకెట్ ఎస్ఆర్ఈ-1 అనే 550 కిలోల గుళికను కక్ష్యలోకి మోసుకెళ్లింది. జనవరి 22న అది బంగాళాఖాతంలో దిగింది. 2014 డిసెంబర్ 18న ఎల్‌వీఎం3 తొలి ప్రయోగంలో వ్యోమగాముల ఖాళీ గదిని 126 కిలోమీటర్ల ఎత్తు నుంచి సముద్రంలోకి దించారు. గగన్‌యాన్‌ను ప్రధాని ఎర్రకోట మీంచి ప్రకటించింది ఆ తర్వాత, 2018 ఆగస్టులో. దానికి నెల ముందు, జూలై 5న, లాంచ్ ప్యాడ్ మీదే ప్రమాదం ముంచుకొస్తే వ్యోమగాములు తప్పించుకునే ఏర్పాటును పరీక్షించారు. ఆ పరీక్ష మొత్తం 259 సెకన్లలో అయిపోయింది. 2022 మే 13న 203 టన్నుల ఇంధనం నింపిన గగన్‌యాన్ రాకెట్ బూస్టర్ హెచ్ఎస్200ను నేలకు కట్టేసి 135 సెకన్లు మండించారు. గాల్లో ఎగురుతుండగా తప్పించుకునే పరీక్ష, టీవీ-డీ1, 2023 అక్టోబర్ 21న జరిగింది. ఈ ఐదింటిలో ఒక్కదానిలోనూ మనిషి లేడు.

ఏది తప్పితే నష్టం తక్కువో, ఏది తేలకపోతే మిగతావి కదలవో, అదే ముందు. ప్రయాణం వరుస వేరు, పరీక్షల వరుస వేరు. పట్టభద్రులకు షార్ నుంచి అందే పాఠం ఇదే.

సర్టిఫికేషన్ సంస్థల జాబితాలు మాత్రం మెట్ల వరుసలాగే కనబడతాయి. కింద ఫండమెంటల్స్, దాని మీద అసోసియేట్, పైన ఎక్స్‌పర్ట్. కోచింగ్ సెంటర్లూ ఆ వరుసలోనే ప్యాకేజీలు కడతాయి, మెట్లు ఎక్కువైతే ఫీజులూ ఎక్కువ కాబట్టి. నిజానికి ఆ మెట్లలో చాలా భాగం ఇప్పుడు తప్పనిసరి కాదు. కింది పరీక్ష పాసైతేనే పై పరీక్ష అనే షరతును అమెజాన్ క్లౌడ్ సంస్థ ఏడబ్ల్యూఎస్ 2018లో ఎత్తేసింది. 2020 ఫిబ్రవరి 24 నుంచి సిస్కోలో కింది మెట్టు సీసీఎన్‌ఏ లేకుండానే పై మెట్టు సీసీఎన్‌పీ రాయొచ్చు. ఈ గేట్లు తెరిచారు కాబట్టి ఏ గేటులోంచి వెళ్లాలన్న నిర్ణయం విద్యార్థి మీదే పడింది.

అన్నిచోట్లా తెరవలేదు. కుబర్నెటిస్ భద్రతా పరీక్ష సీకేఎస్ రాయాలంటే ముందు అడ్మినిస్ట్రేటర్ పరీక్ష సీకేఏ పాసై ఉండాలి. మైక్రోసాఫ్ట్‌ది మధ్యేమార్గం. అజూర్ ఆర్కిటెక్ట్ కావాలనుకున్నవాడు ఏజెడ్-305ను ముందే రాసేయొచ్చు, ఎవరూ ఆపరు. కానీ అడ్మినిస్ట్రేటర్ పరీక్ష ఏజెడ్-104 కూడా పాసయ్యేదాకా ఎక్స్‌పర్ట్ సర్టిఫికెట్ చేతికి రాదు. రెడ్‌హ్యాట్‌లో ఆర్‌హెచ్‌సీఎస్ఏ అనే కింది సర్టిఫికెట్ లేనివాడికి పైదైన ఆర్‌హెచ్‌సీఈ ఇవ్వరు. పరీక్ష రాయడానికి షరతు, సర్టిఫికెట్ ఇవ్వడానికి షరతు, రెండూ వేరని చాలామందికి ఫీజు కట్టాకే తెలుస్తుంది.

అందుకే లెక్క వెనక నుంచి మొదలుపెట్టాలి, కౌంట్‌డౌన్ లాగా. ముందు ఉద్యోగ ప్రకటన చూడాలి, అందులో అడిగిన సర్టిఫికెట్ చూడాలి, దానికి ఏ పరీక్షలు కావాలో చూడాలి. వాటిలో ఎక్కువ దారులకు పనికొచ్చేది ముందు పెట్టుకోవాలి. సిస్కో 350-401 పరీక్షే తీసుకోండి. అది ఒక్కటి పాసైతే స్పెషలిస్ట్ సర్టిఫికెట్ వస్తుంది, సీసీఎన్‌పీ ఎంటర్‌ప్రైజ్‌లో సగం పూర్తవుతుంది, ఆపై మెట్టు సీసీఐఈ ఎంటర్‌ప్రైజ్ ల్యాబ్‌కు అర్హతా దక్కుతుంది. రెండో సగమైన ఐచ్ఛిక పరీక్షను ముందు రాస్తే ఇన్ని లాభాలు లేవు. అలాగని తాజా పట్టభద్రుడు సీసీఎన్‌ఏ వదిలేసి నేరుగా 350-401కు ఎగబాకడం తెలివి కాదు. షరతు పోయినంత మాత్రాన సబ్జెక్టు తేలికైపోదు కదా.

వరుసకు గడువు కూడా తోడవుతుంది. సిస్కో, ఏడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ల ఆయుష్షు మూడేళ్లు. ఏడబ్ల్యూఎస్‌లో సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ ప్రొఫెషనల్ పాసైతే దాని కింది అసోసియేట్‌కు కూడా ఆయుష్షు పెరుగుతుంది. అంటే పై పరీక్షను అసోసియేట్ గడువు తీరేలోపు పెట్టుకున్నవాడికి రెండు పనులు ఒక ఫీజుతో అవుతాయి. మైక్రోసాఫ్ట్ అసోసియేట్, ఎక్స్‌పర్ట్ సర్టిఫికెట్లకు ఏడాదే గడువు. ఆన్‌లైన్‌లో ఉచితంగా పొడిగించుకోవచ్చు, గడువు దాటిపోతే మాత్రం మళ్లీ పరీక్షే. కాంప్‌టియా ఏ ప్లస్‌కు రెండు పేపర్లు, రెండూ ఒకే సిరీస్‌వి కావాలి. పాత సిరీస్‌లో ఒకటి పాసై, రెండోదాన్ని వాయిదా వేస్తూ పోతే సిరీస్ మారిపోయి మొదటి పేపర్ వృథా అవుతుంది.

ఇలా వృథా కావడం కొత్త కాదు. 2000 ప్రాంతంలో అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల బోర్డుల మీద ఎక్కడ చూసినా మైక్రోసాఫ్ట్ వారి ఎంసీఎస్ఈ అన్న అక్షరాలే. విండోస్ 2000 ఎంసీఎస్ఈకి ఏడు పరీక్షలు. పాత విండోస్ ఎన్‌టీ 4.0 చదివినవాళ్లకు మైక్రోసాఫ్ట్ ఒక దగ్గరి దారి చూపింది: నాలుగు ప్రధాన పరీక్షల బదులు 70-240 అనే ఒక్క పరీక్ష, అదీ ఉచితం. మెలిక ఏమిటంటే, ఒక్కసారే రాయనిస్తారు. తప్పితే నాలుగూ విడివిడిగా, ఫీజులు కట్టి రాసుకోవాలి. ఉచితం కదా అని సిద్ధం కాకుండా ముందే రాసినవాళ్లు ఆ ఒక్క అవకాశాన్నీ పోగొట్టుకున్నట్టే. 2001తో ఆ దారీ మూసేశారు. 2021 జనవరి 31న ఎంసీఎస్ఈనే విరమించారు. ఒక తరం తమ పేరు పక్కన రాసుకున్న అక్షరాలు అవి.

తప్పినప్పుడు ఏం చేయాలన్నది కూడా వరుసలో భాగమే. మైక్రోసాఫ్ట్ పరీక్ష మొదటిసారి తప్పితే 24 గంటలకే మళ్లీ రాయొచ్చు. ఇంత ఉదారమైన నిబంధన విద్యార్థికి మేలు చేస్తుందని అనుకోలేం. ఏడబ్ల్యూఎస్ వాళ్లు 14 రోజులు ఆగమంటారు, అది నయం. షార్ అయితే ఇంకా ఎక్కువే ఆగింది. 1993 సెప్టెంబర్ 20న మొదటి పీఎస్ఎల్‌వీ విఫలమైంది. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌లోనే ఒక లోపం ఉందని విచారణలో తేలింది. కంప్యూటర్ చదివినవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇది. రెండో పీఎస్ఎల్‌వీ 1994 అక్టోబర్ 15న లేచింది, విజయవంతమైంది. నడుమ ఏడాదికి పైగా ఎడం.

ఆపడమూ నేర్చుకోవాలి. 2013 ఆగస్టు 19న జీఎస్ఎల్‌వీ-డీ5 ఎగరడానికి గంటా పావు ముందు రెండో దశలో ఇంధనం కారుతోందని కనిపెట్టి ప్రయోగం ఆపేశారు. ఆ దశను మార్చేసి, 2014 జనవరి 5న ఎగరేస్తే దేశీయ క్రయోజెనిక్ ఇంజిన్ మొదటిసారి గెలిచింది. టీవీ-డీ1 కౌంట్‌డౌన్ అయితే 5 సెకన్ల దగ్గర ఆగింది, లోపం సరిచేశాక అదే ఉదయం 10 గంటలకు లేచింది. ఒకదానికి నాలుగున్నర నెలలు పట్టింది, ఇంకోదానికి గంటంబావు. లోపం ఏదో తెలిస్తేనే ఎంత ఆగాలో తెలుస్తుంది. నమూనా పరీక్షలో ఒకే అధ్యాయం దగ్గర మార్కులు పోతుంటే వారం చాలు. అన్నిచోట్లా పోతుంటే తేదీ మార్చుకోవాలి. డంప్స్, అంటే బయటికి పొక్కిన ప్రశ్నలు, బట్టీ పట్టి గట్టెక్కే దారి ఒకటుందని ఇక్కడ అందరికీ తెలుసు. పట్టుబడితే సర్టిఫికెట్ రద్దవుతుంది, పట్టుబడకపోతే ఇంటర్వ్యూలో దొరికిపోతారు.

కొన్ని పరీక్షలకు ఇప్పుడు వరుసలో చోటే లేదు. సీఐఎస్ఎస్‌పీ అనే భద్రతా సర్టిఫికెట్‌కు అయిదేళ్ల అనుభవం కావాలి, సంబంధిత డిగ్రీ ఉంటే ఒక ఏడాది తగ్గుతుంది. ప్రాజెక్ట్ నిర్వహణకు సంబంధించిన పీఎంపీకీ అనుభవం తప్పదు. పట్టా అందుకున్న వారంలోనే వీటికి కోచింగ్ అమ్మజూపేవాళ్లకు దూరంగా ఉండడం మంచిది.

పట్టభద్రులకు ఒక్క విన్నపం. కార్డు తీసి ఫీజు కట్టే ముందు, సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ ప్రకటనలోనే మూడు సంగతులు చూసుకోండి: ఆ పరీక్షను ఎప్పుడు విరమిస్తున్నారు, సర్టిఫికెట్‌కు ఇంకేం షరతులున్నాయి, తప్పితే మళ్లీ ఎన్నాళ్లకు రాయనిస్తారు. కోచింగ్ సెంటర్ కరపత్రంలో కాదు, సంస్థ ప్రకటనలోనే.