ఏడ్చే పిల్లను ఆగి అడుగుదాం
(ఫలక్‌నుమా బస్తీ సభలో మాట్లాడింది)



ఫలక్‌నుమా అంటే ఆకాశానికి అద్దం. ప్యాలెస్ గుట్టమీదుంది, గుట్టకింది బస్తీల ఆడపిల్లల ముఖం ఆ అద్దంల ఎన్నడూ కనబడలే.

1991 ఆగస్టులో పాతబస్తీకి చెందిన పదేళ్ళ ముస్లిం పిల్లను అరవై ఏండ్ల సౌదీ ముసలాయన నిఖా పేరుతో విమానమెక్కించిండు. పిల్ల ఏడుస్తుంటే ఆగి అడిగింది ఎయిర్‌హోస్టెస్ అమృతా అహ్లూవాలియా. ఆ ఒక్క మాటతో పిల్ల దక్కింది. తర్వాత హోము, కోర్టు, పేపర్లల్ల పేరు! విడిపించుడు ఒక్కరోజు పని. గాయం మానుడు ఏండ్ల పని.

ఆ ఏండ్ల పనికే జమీలా నిషాత్ 2002లో ఇదే పాతబస్తీలో ‘షాహీన్’ సంస్థ పెట్టింది. ముస్లిం, దళిత ఆడపిల్లలు అక్కడ కలిసి కూసుంటరు. వాళ్ళు చెప్పేది వింటరు, చేతిపని నేర్పుతరు. చెప్పుకునే చోటు, చేతిల పని దొరికిన పిల్ల తనకాళ్ళ మీద నిలబడతది.

మన వాడల్లో జోగినిగా విడిచిన పిల్లలదీ ఇదే గాయం. 1988 చట్టం దాన్ని నేరమన్నది. కన్నీళ్ళు తుడవాల్సింది మనమే. తిరిగొచ్చిన పిల్లను గుచ్చి గుచ్చి అడగొద్దు. ‘నీ తప్పు లేదు బిడ్డా’ అందాం. బడికి పంపుదాం. ఆపదుంటే 1098కి ఫోన్ చేద్దాం.

జై భీమ్!